రెక్కల వెనక రైలు

మా పిన్ని కూతురి పెళ్ళికి వచ్చినవాళ్ళందరికీ బాగా గుర్తుండిపోయింది పెళ్ళికూతురూ కాదు, పెళ్ళికొడుకూ కాదు. పెళ్ళికూతురి అన్నయ్య. బంతిలో కూర్చుని, ఆకులో పప్పన్నం కలుపుకుంటూ కలుపుకుంటూ, ముద్ద చేతిలో వుండగానే నిద్రపోయాడు. గుర్రు కూడా పెట్టాడంటారు. నేను పక్క బంతిలో వున్నాను గనక ఆ మాటకి పూచీ పడలేను. చారు వడ్డించేవాడు రెండుసార్లు వచ్చి వెళ్ళాడు. చివరికి మా పిన్ని వచ్చి, "ఒరేయ్, చారు ఆకు దాటిపోతోందిరా!" అని భుజం కుదిపితే, వాడు కళ్ళు తెరవకుండానే, "ఇంకో అరగంటలో వదిలేస్తాం సార్, టైరు ఒక్కటే మిగిలింది" అన్నాడు.

మగపెళ్ళివారు నవ్వారు. మా పిన్ని మాత్రం నవ్వలేదు.

వాడు విమానాలు బాగుచేసే మెకానిక్కు. ఒక్క వూళ్ళో కుదురుగా కూర్చుని చేసే పని కాదు. ఎక్కడో ఓ విమానం కదలనని మొరాయిస్తే, స్పానర్ల పెట్టె పుచ్చుకుని అక్కడికి పరుగెత్తాలి. చెల్లెలి పెళ్ళికి మూడు నెలల ముందే శెలవు పెట్టుకున్నాడు. పెళ్ళికి రెండు రోజులుందనగా ఎక్కడో ఒక విమానం చక్రం మీద కూలబడింది. రెండు రాత్రులు దాని కింద పడుకుని పనిచేశాడు. మార్చడానికి రావలసిన మనిషి రాలేదు. తర్వాత ఒక విమానం, ఒక బస్సు, ఒక ఆటో ఎక్కి, సరిగ్గా జీలకర్ర బెల్లం వేళకి వచ్చి పడ్డాడు.

"చార్టులో నాకు శెలవే వుందక్కా. విమానానికి ఆ సంగతి తెలీదు" అన్నాడు మర్నాడు కాఫీ తాగుతూ. ఆపైన నవ్వి, "మా కులానికి మూలపురుషుడు ఛార్లీ టేలర్. ఆయనకీ ఇదే గతి. మేమెంత?" అన్నాడు.

నేను బి.ఏ.లో చరిత్ర చదివినదాన్ని. విమానం కనిపెట్టినవారెవరు అంటే రైట్ సోదరులు అని రాసి మార్కు తెచ్చుకున్నదాన్నే. ఆ అన్నదమ్ముల వెనక టేలర్ అని మూడో మనిషి ఒకడు వున్నాడని మా లెక్చరరుగారూ చెప్పలేదు, పుస్తకమూ చెప్పలేదు. మావాడు చెప్పింది నాలుగు ముక్కలే. మిగిలింది నేను పట్టుబట్టి చదువుకున్నది.

ఛార్లెస్ టేలర్ 1901లో రైట్ సోదరుల సైకిలు షాపులో గంటకి 30 సెంట్ల కూలికి చేరాడు. అన్నదమ్ములిద్దరూ ఎగరడానికి యంత్రం కావాలని ఇంజన్లు చేసే కంపెనీలకి ఉత్తరాలు రాస్తే, వాళ్ళడిగినంత తేలిక ఇంజన్ ఎవరూ ఇవ్వలేకపోయారు. అప్పుడు ఆ పని ఈ సైకిళ్ళ మనిషి నెత్తిన పడింది. ఒక లేతు మిషను, ఒక డ్రిల్లు, చేతి పనిముట్లు, వీటితో ఆరు వారాల్లో ఇంజన్ తయారుచేసి ఇచ్చాడు. అది 12 గుర్రాల బలంతో తిరిగింది. 1903 డిసెంబరులో మనిషిని గాల్లోకి లేపింది ఆ ఇంజనే. ఫోటోలో అన్నదమ్ములున్నారు. టేలర్ వూళ్ళో షాపు చూసుకుంటున్నాడు.

సరే, అసలు కథ 1911 నాటిది.

అమెరికాలో హర్‌స్ట్ అనే పత్రికల యజమాని ఒక పందెం పెట్టాడు. ఆ దేశం ఈ కొసనుంచి ఆ కొసకి, అట్లాంటిక్ నుంచి పసిఫిక్‌కి, 30 రోజుల్లో విమానం మీద వెళ్ళినవాడికి 50,000 డాలర్లు. గడువు అక్టోబరు 10. కాల్ రోడ్జర్స్ అనే ఆయన ముందుకొచ్చాడు. ఆజానుబాహువు, నోట్లో ఎప్పుడూ చుట్ట. చిన్నప్పటి జబ్బు వల్ల చెవులు సరిగా వినపడవు. విమానం నడపడం నేర్చుకుని మూడు నెలలయింది, అంతే! షికాగోలోని ఆర్మర్ కంపెనీ వాళ్ళు 'విన్ ఫిజ్' అని ఒక ద్రాక్ష సోడా అమ్మేవాళ్ళు. ఆ సోడా పేరు రెక్కల మీద రాసుకుని ఎగిరితే మైలుకి ఐదు డాలర్లు ఇస్తామన్నారు. మిసిసిపీ నది దాటాక నాలుగు డాలర్లే. అటువైపు చూసే జనం తక్కువ కదా! వ్యాపారస్తుడు ఏ కాలంలోనైనా వ్యాపారస్తుడే.

విమానమంటే మనం చూసే విమానం కాదు. కర్ర బద్దలు, తీగలు, పైన గుడ్డ. కింద ఒక ఇంజను. ముందు అద్దమైనా లేదు. అలాంటి దానితో నాలుగు వేల మైళ్ళ ప్రయాణమంటే, అది పడుతుందా అన్నది ప్రశ్న కాదు, ఎన్నిసార్లు పడుతుందన్నదే ప్రశ్న. అందుకని దాని వెంట ఒక ప్రత్యేక రైలు వేశారు. అందులో పడుకోవడానికి ఒక పెట్టె, కూర్చోవడానికి ఒక పెట్టె, మూడోదాంట్లో విడి భాగాలు, పనిముట్లు, పడ్డ మనిషిని వెతికి తేవడానికి ఒక మోటారు కారు. రైల్లో రోడ్జర్స్ గారి భార్య, తల్లి కూడా వున్నారు. మెకానిక్కులూ వున్నారు. వాళ్ళకి పెద్ద మన టేలరే.

రైట్ సోదరుల దగ్గర అప్పటికి ఆయనకి వారానికి 25 డాలర్లు. రోడ్జర్స్ రోజుకి 10 ఇస్తానన్నాడు, ఖర్చులు వేరే. వారానికి 70 అన్నమాట. పెళ్ళాం పిల్లలున్నవాడు ఏం చేస్తాడు? ఒర్విల్ రైట్‌కి ఇష్టం లేదు. పని మానెయ్యకు, శెలవు పెట్టి వెళ్ళు అన్నాడట. శెలవు పెట్టి వెళ్ళి చేసిన పని ఏమిటో చూడండి.

1911 సెప్టెంబరు 17న న్యూయార్కు దగ్గర షీప్స్‌హెడ్ బే అనే చోట విమానం లేచింది. సాయంత్రానికి మిడిల్‌టౌన్ అనే వూరు చేరింది. జనం హారతులివ్వడం ఒక్కటే తక్కువ. మర్నాడు పొద్దున్న లేవబోతూ ఒక చెట్టు కొమ్మకి తగిలి, పోయి పోయి ఒక కోళ్ళగూట్లో పడింది. రోడ్జర్స్ తలకి గాయంతో బతికి బయటపడ్డాడు. నోట్లో చుట్ట అలాగే వుందని చెప్పుకుంటారు.

కథలు చెప్పేవాళ్ళు ఇక్కడ నవ్వించి, గబుక్కున "21వ తేదీన మళ్ళీ బయల్దేరాడు" అంటారు. ఆ "మళ్ళీ" అన్న మాట దగ్గరే నేను ఆగిపోయాను. విరిగిన బద్దలు తీసి కొత్తవి బిగించాలి. రెక్కకి గుడ్డ కట్టి కుట్టాలి. జాకెట్టు గుడ్డ వంకర పోతేనే మళ్ళీ విప్పి కుట్టే మనకి, మనిషిని మోసే రెక్క గుడ్డ కుట్టడమంటే ఏమిటో తెలుస్తుంది. ఒక్కొక్క తీగా బిగువు సరిచూడాలి. ఇంజను విప్పి, కడిగి, మళ్ళీ కట్టాలి. ఈ పనంతా టేలర్, ఆయన మనుషులు దాదాపు 40 గంటల్లో పూర్తి చేశారు. నలభై గంటలు! చుట్టూ మూగిన జనం మాత్రం వూరుకున్నారా? జ్ఞాపకార్థం దాచుకోవడానికని విరిగిన ముక్కలు ఎత్తుకుపోయేవాళ్ళు కొందరు. కొత్తగా కుట్టిన గుడ్డ మీద పెన్సిలుతో పేరు రాసుకునేవాళ్ళు కొందరు. గుళ్ళో స్తంభాల మీద పేర్లు చెక్కే జాతి మన దేశంలోనే వుందనుకోవడం పొరపాటు.

ఇలా ఒక్కసారి కాదు. దారి పొడుగునా సుమారు 70 చోట్ల దిగాడు. పదిహేనుకి పైగా సార్లు దెబ్బతిన్నాడు. ముళ్ళకంచెలో పడ్డాడు, ఇండియానాలో హంటింగ్టన్ దగ్గర పడ్డాడు, టెక్సాస్‌లో స్పాఫర్డ్ దగ్గర పడ్డాడు.

ఇక వాళ్ళ దినచర్య ఆలోచించండి. ఆ రోజుల్లో విమానానికి గాలి అంటే భయం. తెల్లవారుజామున గాలి కదలకుండా వుంటుంది గనక ఎగరడానికి అదే మంచి ముహూర్తం. అంటే తెల్లవారేసరికి విమానం సిద్ధంగా వుండాలి. పగలంతా ఎగిరి, సాయంత్రం ఎక్కడో దిగుతుంది. పైలట్ దిగి, స్నానం చేసి, భోజనం చేసి, పడుకుంటాడు. పడుకోవలసిందే, పాపం. లేకపోతే మర్నాడు చస్తాడు. ఆయన పడుకున్నాక మెకానిక్కుల పని మొదలు. లాంతర్ల వెలుగులో రాత్రంతా బిగించి, తెల్లవారి ఆయన్ని పైకి పంపి, సామాన్లన్నీ రైలెక్కించి, కింద నుంచి తరమాలి. మరి పగలు రైల్లో పడుకోవచ్చు కదా అంటారా? పట్టాల కూడళ్ళ దగ్గర దారి తప్పకుండా తెల్ల గుడ్డలు పరిచి వుంచితే, వాటిని చూసుకుంటూ పైన ఆయన పోతున్నాడు. కిటికీలోంచి ఆ ఎగిరే చుక్క కనపడుతోందా లేదా అని చూస్తూ వుండాలి. కనపడకపోతే మోటారు కారు దింపి వెతకాలి. అలా చూస్తూ కూర్చున్నవాడికి నిద్ర ఎలా పడుతుంది?

నాకు సురభి నాటక సమాజం వాళ్ళు గుర్తొచ్చారు. తెరలు, కిరీటాలు, వంట సామానుతో సహా కుటుంబాలకి కుటుంబాలు వూరినుంచి వూరికి కదిలిపోయేవాళ్ళు. కాని వాళ్ళలో ముఖానికి రంగు కడుక్కున్న కృష్ణుడే వచ్చి తెరతాళ్ళు విప్పుతాడు. అలసట అందరికీ సమానం. ఇక్కడ అలా కాదు. ఆడినవాడు వేరు, తాళ్ళు విప్పినవాడు వేరు. ఇద్దరికీ నిద్రవేళలు కలవవు.

అక్టోబరు 10 వచ్చేసరికి వాళ్ళింకా మిస్సోరీ రాష్ట్రంలో వున్నారు, దేశం మధ్యలో. పందెం గడువు అయిపోయింది. 50,000 డాలర్లు నీళ్ళలో కలిశాయి. అయినా వెళతానన్నాడు రోడ్జర్స్. ఆయన ధైర్యానికి చప్పట్లు కొట్టాం. రైల్లో వాళ్ళని ఎవరైనా అడిగారా అన్నది చరిత్రలో కనిపించదు.

నవంబరు 3న కాలిఫోర్నియాలో సాల్టన్ సరస్సు మీద ఎగురుతుండగా ఇంజను సిలిండరు పేలిపోయి, ఉక్కు ముక్కలు రోడ్జర్స్ చేతిలో గుచ్చుకున్నాయి. ఎలాగో దిగాడు. వైద్యుడు ఆయన చేతిలోని ముక్కలు ఏరుతూంటే, మనవాళ్ళు మళ్ళీ స్పానర్లు తీశారు. నవంబరు 5న, బయలుదేరిన 49వ రోజున, పాసడీనాలో వేలమంది జనం మధ్య దిగాడు. ఆపైన సముద్రం దాకా వెళదామని పోతూ మళ్ళీ పడి, మడమ విరిగి కొన్ని వారాలు మంచం పట్టాడు. డిసెంబరు 10న లాంగ్ బీచ్‌లో చక్రాలు పసిఫిక్ నీళ్ళలో తడిపాడు. అన్నిసార్లు బాగుచేయగా బాగుచేయగా, న్యూయార్కులో బయల్దేరిన విమానంలో అసలు ముక్కలు చివరికి నాలుగైతే ఎక్కువట. ఒక చుక్కాని, నూనె పట్టే పళ్ళెం, అలాంటివి. అంటే నాలుగు వేల మైళ్ళు ఎగిరింది ఒక విమానం కాదు, వాళ్ళ చేతుల కింద ముక్క ముక్కగా మళ్ళీ మళ్ళీ పుట్టినవి.

రోడ్జర్స్ గాల్లో వున్న సమయం మొత్తం సుమారు 82 గంటలని పుస్తకాలు రాశాయి. గంటలే కాదు, నిమిషాలు కూడా వేసినవాళ్ళున్నారు. కింద మేలుకున్న గంటలెన్ని? ఒక్క పుస్తకంలోనూ ఆ అంకె లేదు.

టేలర్ సంగతి చెప్పలేదు కదూ. కాలిఫోర్నియాలో ఆయన భార్యకి జబ్బు చేసింది. భార్య మంచం పక్కన దాదాపు ఏడాది అక్కడే వుండిపోయాడు. శెలవు అని వెళ్ళినవాడు అలా వుండిపోవలసి వచ్చింది. తర్వాత చాలా కాలం ఆయన ఎవరికీ గుర్తులేడు. దాచుకున్న డబ్బు పెట్టి ఆ సాల్టన్ సరస్సు దగ్గరే భూములు కొని పోగొట్టుకున్నాడు. 1956లో, 87 ఏళ్ళ వయసులో పోయాడు. చివరి రోజుల్లో ధర్మాసుపత్రిలో వుంటే, సంగతి తెలిసిన విమాన పరిశ్రమ వాళ్ళు చందాలు వేసుకుని మంచి చోటికి మార్చారు. ఇప్పుడు అమెరికా ప్రభుత్వం 50 ఏళ్ళు మచ్చలేకుండా పనిచేసిన మెకానిక్కులకి ఆయన పేరు మీద బహుమానం ఇస్తోంది. బాగానే వుంది.

పైలట్‌కి నిద్ర కావాలన్న సంగతి లోకం త్వరగానే గ్రహించింది. నెలకి 85 గంటలకి మించి ఎగరకూడదని అమెరికాలో 1934లోనే ఒక తీర్పు వచ్చింది. మెకానిక్కుల మాటేమిటి? అక్కడి నిబంధన మావాడే నాకు చదివి వినిపించాడు. ఏడు రోజుల్లో ఒక పూర్తి రోజు విశ్రాంతి ఇవ్వాలి. వినడానికి ఎంత ఇంపుగా వుందో కదా! దాని పక్కనే ఇంకో ముక్క వుంది. లేదా, నెల మొత్తం మీద దానికి సమానమైన విశ్రాంతి ఇస్తే చాలు. అంటే నాలుగు శెలవులూ నెల చివర ఒక్కసారే పారేసి, ముందు ఇరవయ్యారు రోజులూ ఏకబిగిన పని చేయించుకోవచ్చునన్నమాట. "వారానికోసారి తలంటు, లేకపోతే నెలాఖరుకి నాలుగు కుంకుళ్ళూ ఒకేసారి" అని మా పిన్ని వ్యాఖ్యానం.

మన దేశం కూడా రాత్రిపని రుచి తొందరగానే చూసింది. 1949లో రాత్రి విమానాల టపా మొదలైంది. ఢిల్లీ, బొంబాయి, కలకత్తా, మద్రాసు, నాలుగు వైపుల నుంచీ నాలుగు విమానాలు చీకటిపడ్డాక బయల్దేరి అర్ధరాత్రి నాగపూరులో కలుసుకునేవి. అక్కడ ఉత్తరాల సంచులు మార్చుకుని తెల్లారేసరికి ఎవరి వూరికి వాళ్ళు. మద్రాసు నుంచి నాగపూరుకి పటం మీద గీత గీస్తే అది మన నెల్లూరు, వరంగల్ ప్రాంతాల మీదుగానే పోతుంది. మన అమ్మమ్మలు ఆరుబయట మంచాల మీద పడుకుని, "అదుగో విమానం" అని పిల్లలకి చూపించిన దీపాల్లో అదీ ఒకటై వుంటుంది. చెల్లెలికి రాసిన కార్డు మర్నాడే అందిందని మురిసిపోయాం. ఆ నాలుగు విమానాలూ ఒక్కసారిగా వాలితే, అందరూ నిద్రపోయే వేళ వాటి కిందికి దీపం పట్టుకుని దూరిన మనుషులు మన కార్డులో ఎక్కడా లేరు.

నిద్రలేమి ఖరీదెంతో 1990లో ఇంగ్లండులో తేలింది. జూన్ 10న బ్రిటిష్ ఎయిర్‌వేస్ విమానం ఒకటి 81 మంది ప్రయాణికులతో బర్మింగ్‌హామ్ నుంచి స్పెయిన్‌కి బయల్దేరింది. 17,300 అడుగుల ఎత్తులో పైలట్ ముందున్న అద్దం ఊడి ఎగిరిపోయింది. గాలి పైలట్‌ని నడుము దాకా బయటికి లాగేసింది. సిబ్బంది కాళ్ళు పట్టుకు వేళ్ళాడుతుంటే, రెండో పైలట్ సౌతాంప్టన్‌లో దింపాడు. దేవుడి దయ, ఆ పైలట్ కూడా బతికాడు.

ఆ అద్దం అంతకు ముందు రోజు తెల్లవారుజామునే కొత్తగా బిగించింది. రాత్రి షిఫ్టులో మనుషులు తక్కువైతే, షిఫ్టు పెద్దే స్వయంగా పూనుకున్నాడు. మూడింటికీ అయిదింటికీ మధ్య, అంటే మనిషి ఒళ్ళు మాట వినని వేళ. పాత బోల్టు చేత్తో పట్టుకుని, వెలుతురు చాలని చోట, కళ్ళజోడు లేకుండా, దానికి సరిపోయేవి డబ్బాల్లో ఏరాడు. స్టోరు మనిషి వేరే నంబరు చెప్పినా తన కళ్ళనే నమ్మాడు. మొత్తం 90 బోల్టులు. వాటిలో 84 సన్నవి. ఎంత సన్నవంటారు? మిల్లీమీటరులో మూడింట రెండు వంతులు. మిగతా ఆరూ పొట్టివి. రెండో మనిషి వచ్చి సరిచూడాలన్న నియమం ఆ పనికి లేదు. ఆయన సోమరిపోతు కాడు, తాగుబోతు కాడు. పైవాళ్ళ దృష్టిలో ఆయన శ్రద్ధగల పనివాడే. ఆ వేళ శ్రద్ధ వుంది, చూపు లేదు. బియ్యంలో రాళ్ళు పగలు ఏరితే ఒకలా వుంటుంది, రాత్రి పదకొండింటికి ఏరితే ఒకలా వుంటుంది. ఇంత చిన్న సంగతి మనకి తెలుసు. చార్టులు వేసే పెద్దమనుషులకి తెలియడానికి ఒక మనిషి ఆకాశంలో వేళ్ళాడవలసి వచ్చింది.

ఇది చదివిన రాత్రి మావాడికి ఫోను చేశాను. "నీకెప్పుడైనా అలా జరిగిందిరా?" అని అడిగాను. కాసేపు మాట్లాడలేదు. "ఒకసారి అన్నీ బిగించి మెట్లు దిగాక, జేబులో ఒక నట్టు తగిలిందక్కా" అన్నాడు. "ఏది మర్చిపోయానో తెలీదు. మొత్తం మళ్ళీ విప్పాను. విమానం మూడు గంటలు ఆలస్యమైంది. పైన కూర్చున్నవాళ్ళు తిట్టిన తిట్లు కిందికి వినపడ్డాయి. తీరా చూస్తే అది మా స్కూటరు నట్టు."

నవ్వాననుకోండి. మరి కాస్సేపటికి, నేను కూడా ఎన్నో విమానాలు ఆలస్యమైనప్పుడు తిట్టినదాన్నేనని గుర్తొచ్చింది.

ఇప్పుడు మా పిన్ని వాడికి సంబంధాలు చూస్తోంది. పోయిన వారం ఒకటి కుదిరేలా వుందని పంచాంగం ముందేసుకుని, మాఘంలో మూడు ముహూర్తాలు ఏరి వాడికి చదివింది. "పంచాంగం తర్వాతమ్మా, ముందు మా డ్యూటీ చార్టు రావాలి" అన్నాడు వాడు.

"ఆ చార్టు రాసేదెవరురా?" అని అడిగింది పిన్ని. "ఆయన్నే పిలిపించు. దక్షిణ ఇచ్చి ముహూర్తం ఆయనచేతే పెట్టిద్దాం."